ప్రజానీకంగారి చిరునామా

పురపాలక కార్యాలయం గుమాస్తాగారికి, గొడుగులు బాగుచేసే ముసలివాడు నమస్కరించి రాయునది.

అయ్యా, అంగడి భవనంలో మెట్ల కింద నేను కూర్చునే చోటుకి అడ్డంగా గోడ కడతామని నోటీసు అంటించారు. ఆ చోటు పోతే నాకు వేరే బతుకుతెరువు లేదు. "ప్రజానీకానికి అభ్యంతరం ఉంటే సోమవారం వచ్చి చెప్పవచ్చును" అని అందులో ఉంది. ఆ ప్రజానీకంగారు ఎవరో, ఎక్కడుంటారో తెలియజేయగలరు. వారికి కోపం వస్తే రాజులే గద్దె దిగిపోతారని మా పంతులుగారు చెప్పేవారు. అంతటివారి గడప ఎలా తొక్కాలో కూడా తమరే సెలవివ్వాలి.

ఇట్లు, మెట్ల కింద ముసలివాడు.

తా.క. వారు కోపంగా లేని వేళ చెబితే మరీ మంచిది.

* * *

పెద్దాయనగారికి, గుమాస్తా నమస్కారాలు.

ప్రజానీకం ఒక మనిషి కాదండీ బాబూ. ఊళ్ళో వాళ్ళంతా కలిస్తే ప్రజానీకం. పాలాయన, దర్జీ, టీచరమ్మ, మీరు, అందరూ. మీరొక్కరే వస్తే మా అధికారి "ప్రజానీకం ఏదీ?" అంటారు. అందరినీ వెంటబెట్టుకు రండి.

ఇట్లు, గుమాస్తా.

తా.క. రాకపోతే మంగళవారం తాపీమేస్త్రీ వస్తాడు.

* * *

గుమాస్తాగారికి నమస్కారం.

మీ జవాబు చదివాక అన్నం సహించలేదు. ఒక్కాయనైతే ఎలాగో కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఇంతమందినా! నేను మనుషుల మొహంకేసి చూసి ఎరగను, గొడుగుకేసే చూస్తాను. "పుల్ల విరిగింది, రేపు రండి." ఇంతకు మించి నా నోట మాట రాదు. నాకోసం రండని ఎలా అడగను? నేనూ అందులో ఉన్నానన్నారు కదా, నా వంతు ప్రజానీకం వచ్చి ఓ మూల నిలబడితే చాలదా?

ఇట్లు, ముసలివాడు.

తా.క. టీచరమ్మ లేకుండా కుదరదా? ఆవిడంటే మరీ భయం.

* * *

పెద్దాయనగారికి,

చాలదు. ఆవిడ లేకుండా కుదరదు. నోరు తెరవండి.

ఇట్లు, గుమాస్తా.

తా.క. ఆవిడంటే నాకూ భయమే. ఆవిడ దగ్గరే చదువుకున్నాను.

* * *

పెద్దాయనగారికి,

మీరు గేటు స్తంభం చాటున నక్కి ఉన్నారని చెప్పిన బంట్రోతుతోనే ఈ చీటీ పంపుతున్నాను.

ఎంత పని చేశారండీ! "గొడుగులు సోమవారం పురపాలక కార్యాలయంలో ఇవ్వబడును" అని మెట్ల దగ్గర అట్ట కట్టి ఊరుకుంటారా? ఇక్కడ వరండా నిండా జనం. "మా గొడుగులేవీ? ముసలాయన్ని ఏం చేశారు?" అని ఒకటే కేకలు. మా అధికారి బీరువా వెనక్కి దూరి, "ఎవరయ్యా వీళ్ళంతా?" అన్నారు.

"ప్రజానీకం సార్."

"దేనికొచ్చారు?"

"మెట్ల కింద ముసలాయన కోసం సార్."

రెంటిలో ఒక్కటీ అబద్ధం కాదు. గోడ రద్దు చేస్తూ అక్కడే, బీరువాకి కాగితం ఆనించి సంతకం పెట్టేశారు. మీ చోటు మీదే.

ఇట్లు, గుమాస్తా.

తా.క. గొడుగులు తీసుకుని పరుగున రండి. గోడ రద్దయిందని చెప్పినా ఒక్కరూ కదలడం లేదు. బీరువా వెనక ఇద్దరికి చోటు చాలడం లేదు.