రాయి మీద ఊపిరి

మార్చి పదకొండు, మంగళవారం

మావయ్యా,

ఈ ఉదయం లేవగానే నాన్నను గుర్తుపట్టలేకపోయాను. నేను పుట్టకముందు నుంచీ ఉన్న గడ్డం గీసేసుకున్నారు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరిందని డాక్టరు చెప్పాక, గడ్డం ఉంటే మాస్కు సరిగ్గా అంటుకోదు, తీసేయమని నేనే పోరుపెట్టాను. "పెళ్లికొడుకులా ఉన్నారు" అని నవ్విన అమ్మ, లోతుకుపోయిన ఆ బుగ్గలు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నాన్నకు అన్నం తీసుకుని, రాళ్లకు మెరుగు పెట్టే మీ షెడ్డుకు వెళ్లాను. మెరుగు చూడాల్సిన ప్రతిసారీ నాన్న మాస్కు కిందికి లాగి, రాతిపలక మీద హా అని ఊపిరి వదులుతున్నారు. ఆ మసక సమంగా ఆరితేనే మెరుగు కుదిరినట్టట. ఊపిరి వదిలాక మళ్లీ పీల్చుకోవాలి కదా! అక్కడి గాలి నిండా పొడే.

"ఏంటి నాన్నా ఇది?"

"మెరుగు సంగతి మాస్కుకేం తెలుసే, పిచ్చిదానా!"

మునుపు ఒక్క ఊపిరికి పలకంతా మసకబారేదట. ఇప్పుడు అరచేతంత మేరే.

మాస్కులున్నాయి కాబట్టి ప్రమాదం తక్కువని మీరు గోడకు అంటించిన ప్రమాద అంచనా కాగితం చదివాను. మాస్కు తీయని మనిషికి అది సరిపోతుంది. అలాంటి మనిషి మీ షెడ్డులో నాకు కనబడలేదు. పొడి లేవకుండా రాయి మీద నీళ్లు పోస్తూ అరగదీసే తడి మిషన్లు పెట్టించండి. "బావమరిదిని అడగడం నాకు నామోషీ" అంటారు నాన్న. అందుకే నేను రాస్తున్నాను.

రేపు పొద్దున షెడ్డు తెరిచే వేళకు వస్తాను. ఒక్క పలక పూర్తయ్యేదాకా నాన్న పక్కన నిలబడండి, మావయ్యా. మీకూ ఒక మాస్కు తెస్తాను.

మీ మేనకోడలు