పైపు ఇవతలి చివర

మావారికి,

మీ ఇంటిది నమస్కరించి రాసుకుంటున్నది. ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. గుణింతాలు పూర్తిగా రాకముందే బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరపోతే మంచం మీద కూర్చుని అట్టముక్క పెట్టుకుని రాయడం వల్ల అనుకోండి. ఇక్కడ అందరం బాగున్నాం. మీరూ, మీ ఓడలోవాళ్ళూ బాగున్నారని మీ ఉత్తరం చూశాక నా మనసు కుదుటపడింది.

మీరు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. అత్తయ్య దగ్గు తగ్గింది. మొన్న డాక్టరమ్మ మన వీధిలోంచి వెళ్తుంటే అత్తయ్య ఆపి నాలుక చాపి చూపించారు. "నేను గడ్డికీ బురదకీ డాక్టర్నమ్మా, మనుషులకి కాదు" అని ఆవిడ ఎంత చెప్పినా వినలేదు. "బురదకే వైద్యం చేసేదానివి, నా దగ్గు నీకో లెక్కా?" అన్నారు. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. వంటగది గోడ చెమ్మ అలాగే ఉంది. నా కాళ్ళవాపు సాయంత్రానికి వస్తుంది, పొద్దుటికి పోతుంది. కడుపులో ఉన్న బిడ్డగారు బాగా తన్నుతున్నారు. అంతా మీ పోలికేనట.

గవ్వలున్న చోట సముద్రం అడుగు తవ్వుతున్నామని రాశారు కదా. మీ ఉత్తరం కంటే మీ గవ్వలే ముందొచ్చాయి. మీ ఓడ నుంచి ఒడ్డుకి వేసిన పైపు మూతిలోంచి బురదతోపాటు గలగలా పడ్డాయి. గడ్డి నాటే ఆడవాళ్ళు నన్ను ఊరికే వదల్లేదు. "మా మొగుళ్ళు బట్టలు పంపుతారు, డబ్బు పంపుతారు. నీ మొగుడు చూడవే, బురద పంపుతున్నాడు!" అన్నారు. నేను సిగ్గుతో తలెత్తలేదు గానీ, ఒక గవ్వని కడిగి దాచుకున్నాను.

డాక్టరమ్మ నన్ను గడ్డి నాటడం మాన్పించి కట్ట మీద తిరిగే పని ఇచ్చిందని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ పనేమిటో సరిగా రాయలేదు. ఇదివరకు మీలాంటివాళ్ళు తవ్విన బురదని సముద్రంలో పారబోసేవారట. ఇప్పుడు దాన్ని మట్టికట్టల మధ్య మడుల్లోకి వదిలి, కోసుకుపోయిన చిత్తడినేలని మళ్ళీ తయారు చేస్తున్నారు. పోటునీళ్ళు వచ్చి పోయేంత ఎత్తులో నేల నిలిస్తేనే గడ్డి బతుకుతుందట. గడ్డి బతికితేనే అలలు మన వీధిదాకా రావట. అయితే బురద కాస్త ఆరితే చాలు, కర్రకాళ్ళ పిట్టలొచ్చి ఆ నేల మీదే గుడ్లు పెడతాయి. గుడ్లదీ బురద రంగే. నేను పొద్దున్నే తిరిగి, గూడు కనబడిన చోట ఎర్రజెండా పాతాలి. జెండా ఉంటే పిట్టపిల్లలు నడిచి వెళ్ళిపోయేదాకా ఆ మడిలోకి పైపు తిప్పకూడదు. నా చూపు మంచిదని ఆ పనికి నన్ను పెట్టారు.

ఇంతవరకు రాసి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇక రాయక తప్పదు.

చివరి మడి నిండగానే సెలవు ఇస్తారని, కాన్పుకి ముందే వచ్చేస్తానని రాశారు. ఆ మాట ఉన్న కాగితం మడతల దగ్గర చిరిగేదాకా చదువుకున్నాను. ఆ మడిలో పల్లపు మూలే మిగిలింది. అక్కడ పిట్ట కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, దెబ్బ తగిలినదానిలా కుంటుకుంటూ దూరంగా నడిచింది, నేను దాని వెనకే పోతానని. గుడ్లు చూశాను. జెండా నా చేతిలోనే ఉంది. ఇది పాతితే ఆయన రారు అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. జెండా చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

పైపు మూతి తిప్పే పెద్దాయన మీకు తెలుసు కదా, మన పెళ్ళికి బల్లలు మోసిన బాబాయి. "ఏమ్మా, ఆ మూలకి తిప్పమంటావా?" అని అడిగాడు.

"తిప్పు బాబాయ్" అన్నాను.

మీ బురద వచ్చింది.

పిట్టలు రెండూ చీకటి పడేదాకా ఆ మూల మీదే తిరుగుతూ అరిచాయి. మర్నాడూ అరుస్తుంటే డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. పైపు పని చూసే ఇంజినీరుగారు బాబాయి మీద విరుచుకుపడ్డారు. "జెండా పీకేసి తిప్పావా? కళ్ళు నెత్తికెక్కాయా?"

"జెండా ఉంటే నేనెందుకు తిప్పుతానండీ" అంటూ బాబాయి నా వైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను.

"ఆ అమ్మాయి కళ్ళకి ఏదీ తప్పదు. జెండా పెట్టకుండా ఉండదు" అంది డాక్టరమ్మ.

బాబాయిని పైపు దగ్గర్నుంచి తీసేసి కట్టకి మట్టి మోయమన్నారు. ఆ వయసులో. మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని నా పక్కనుంచి పోతూ, "ఎండలో నిలబడకమ్మా, వట్టి మనిషివి కాదు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ముందు జెండా ఆవిడ బల్ల మీద పెట్టాను. తర్వాత అంతా చెప్పాను. ఆవిడ అరవలేదు. కాసేపు నా పొట్టవైపే చూసి, "ఇంకా గూళ్ళున్నాయా?" అని మాత్రం అడిగింది. ఉన్నాయి. ఆ మూలలోనే కట్ట వారన, బురద ఇంకా చేరని చోట. వాటి సంగతీ అప్పటిదాకా దాచాను. ఇద్దరం వెళ్ళి జెండాలు పాతాం. ఇంజినీరుగారు బాబాయిని మళ్ళీ పైపు దగ్గరికి పిలిచారు. నా పని పోయింది, పోవాల్సిందే. ఆ గూళ్ళు ఖాళీ అయ్యేదాకా పైపు ఆపేశారు.

అందుకే మీకు సెలవు రాదు. పని ఎందుకు ఆపారో మీ ఓడలో ఎవరూ చెప్పరేమో, నేను చెబుతున్నాను. మిమ్మల్ని రప్పించుకోవాలని ఆ పిట్ట గుడ్లు ముంచాను. ఇప్పుడు మీరు లేకుండానే మన బిడ్డ పుడుతుంది. అది నేను చేసుకున్నదే, పడతాను. కానీ మీరు పంపిన బురదతోనే, మీకు తెలియకుండా మీ చేత కూడా ఆ పని చేయించాను. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. రేపు నేనే చెబుతాను.

ఓడలో ఒకరి ఉత్తరాలు ఒకరు చదివి నవ్వుకుంటారని మీరే రాశారు. ఇది ఎవరి కంటా పడనివ్వకండి. చదవగానే కాల్చేయండి. చింపి నీళ్ళలో మాత్రం వేయకండి. అక్కడ మీరు నీళ్ళలో వేసింది ఏదైనా, పైపు మళ్ళీ తెరిచిన రోజున నా కాళ్ళ దగ్గరికే వస్తుంది.

ఇట్లు,
మీ ఇల్లాలు