సాయక్క గొంతు, మూడు ముక్కలు

2011 సెప్టెంబర్ 8, జనగామ

సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా, నేటి నుండి ఎల్లస్వామి మైక్‌సెట్ దుకాణం ఆవరణలో బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, విరగ్గొట్టి, వేలు పెట్టి తీయుట శాశ్వతంగా నిషేధించడమైనది. అతిక్రమించిన వారి చెప్పులలో ఒకటి మాయం చేయబడును. కుడిదా, ఎడమదా అను నిర్ణయాధికారం మా వద్దనే ఉండును. ఇట్లు, ఎల్లస్వామి, టెన్త్ ఫెయిల్.

గోడకు అంటువెట్టిన. పొద్దుమూకెదాక ఎవ్వడు నవ్వలే. ఒకప్పుడు గిట్ల రాస్తె కడుపులు పట్టుకునేటోళ్లు. అందరు అలిసిపోయిండ్రు. రెండేండ్ల సంది తెలంగాణ మీటింగులే మీటింగులు. నిద్రల గూడ హలో చెక్, హలో చెక్ అంటున్ననట. మా ఇంటామె చెప్పింది.

సెప్టెంబర్ 9

సాయక్క ఆపరేషన్ అయింది, వరంగల్ దవాఖానల. గడ్డతోని పాటు గొంతు గూడ తీసిండ్రు. ఇగ మాట రాదట.

సెప్టెంబర్ 10

సాయక్క అంటె నర్మెట్ట సాయమ్మ. నాట్లేసుకుంట పాడే మనిషి ధూంధాం స్టేజీ ఎక్కింది. ఆమె పాటకు మైకు పెట్టేది నేనే. ఒకసారి ఆటకాయితనానికి పాట నడుమ వైరు పీకిన. ఆగుతదేమో, మొఖం ఎట్ల పెడ్తదో చూద్దామని. ఆగలే. ఆఖరు వరుసల ముసలోళ్లకు గూడ వినొచ్చింది. దిగినంక నా చెవు మెలేసి, నీ మైకు డబ్బలు లేకుంటె నా నోరు పడిపోతదనుకున్నవారా లత్కోరోడా అన్నది.

ఇప్పుడు డబ్బలున్నయి.

సెప్టెంబర్ 11, మానుకోట

భీమ్లా కాడికి పోయిన. తండా నుంచి వచ్చి ఈడ కంప్యూటర్ సెంటర్ల పాఠాలు చెప్తడు. ఆపరేషన్‌కు ముందు సాయక్కను కూసోబెట్టి ఆమె పాటలన్నీ వీడియో తీసిండు. గీ భూమ్మీద ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్క కంప్యూటర్లనే.

దాంట్ల విండోస్ గాదు, లినక్స్ అనేది ఉన్నది. ఓనరు రేపు అన్నీ తుడిచేసి విండోస్ ఎక్కిస్తడట. అందుకే భీమ్లా పాటలన్నీ కలిపి ఒక్క మూట కట్టిండు. ఆ మూటగట్టే సాఫ్ట్‌వేర్ ఫ్రీ అట. లినక్స్‌ల కట్టి విండోస్‌ల విప్పుకోవచ్చట. ఎవడు చేసిండురా అంటె, యాడాడి మనుషులో కలిసి ఊకెనే చేసి పెట్టిండ్రన్నా అన్నడు. నాకంటె పనిలేనోళ్లు గూడ ఉన్నరన్నమాట అన్న.

మూట పెద్దగైంది, పెన్‌డ్రైవులు చిన్నయి. మూడు ముక్కలు చేసి మూడిట్ల వేసి నాకిచ్చిండు. ఇంకేదో గట్టిగ చెప్పిండు గని, నేను అప్పుడు ఆయన చెప్పును ప్రింటర్ ఎనుక దాచే పనిల ఉన్న.

సెప్టెంబర్ 12

రేపటి సంది సకల జనుల సమ్మె. భూపాలపల్లి నుంచి రాజమౌళి ఫోన్. బొగ్గుబాయిల పనిచేస్తడు, ఆడి సమ్మె టెంటుకు పెద్ద. సాయక్క మా టెంట్ల పాడుతనని మాటిచ్చిందన్నా, ఆమె రాకున్నా పాట రావాలె గదా అన్నడు. మానుకోట నుంచి లాలి టీచర్ ఫోన్. మా ఆడోళ్ల ర్యాలీకి కావాలె అన్నది. జనగామ కమిటీ సంగతి అడగనే వద్దు, పొద్దుగాల్నే దుకాణం ముందు కూసున్నరు.

అన్నదమ్ములకు పొలం పంచినట్టు పంచిన. తలా ఒక పెన్‌డ్రైవు. రెండు బస్సుల పంపిన, జనగామది నా కాడనే ఉంచుకున్న. ఒక్కోదాంట్ల కొన్ని పాటలుంటయి, ఎవల పాలు వాళ్లు పాడిచ్చుకోండ్రి అన్న. లొల్లి బందయింది. కోర్టుల జడ్జీలు గూడ గింత సక్కగ తీర్పు చెప్పరు.

సెప్టెంబర్ 20

బస్సులు బంద్. బడులు బంద్. కరెంటు బంద్. నా నోరు ఒక్కటే నడుస్తున్నది.

సెప్టెంబర్ 23

కరెంటొచ్చింది. నా ముక్క కంప్యూటర్ల పెట్టిన. ఇది ఏం ఫైలో నాకు ఎరుకలేదన్నది. ఫైల్ పేరు చివర ఎంపీత్రీ అని మార్చిన. పేరు మారిస్తె పాట అయితదనుకున్న. ప్లేయర్ తెరుసుకున్నది. గీత నడుస్తున్నది. సప్పుడు లేదు. సౌండ్ పెంచిన, సప్పుడు లేకపోవుడు ఇంకింత పెద్దగైంది.

భీమ్లాకు ఫోన్ చేసిన. ఒక్క ముక్కల ఒక్క పాట గూడ ఉండదన్నా, మూడు ఒక్క ఫోల్డర్ల పెడితెనే మూట విప్పుకుంటదని చెప్పిన గదా అన్నడు. ఎప్పుడు చెప్పినవురా అన్న. నువ్వు నా చెప్పు దాస్తున్నప్పుడు అన్నడు.

ఆడ కంప్యూటర్ల ఇప్పుడు విండోస్ ఉన్నది. పాటలు లేవు.

సెప్టెంబర్ 24

దవాఖాన నుంచి సాయక్క బిడ్డ గీతాంజలి ఫోన్. అవ్వ రోజూ వేలు చెవుకు పెట్టి చూపుతుంది మామా, భూపాలపల్లిల వినిపించిండ్రా అని అడుగుతుంది అన్నది. కరెంట్ లేదు బిడ్డా అన్న. అది నిజమే. గది ఒక్కటే నిజం.

సెప్టెంబర్ 27, తొర్రూరు

బండి మీద ఈడిదాక వచ్చిన. లాలి టీచర్ పాల వ్యాన్ల వచ్చి పెన్‌డ్రైవు చేతుల పెట్టింది. మీరు పంచింది పొలం గాదు స్వామన్నా, బర్రెను. మాకు తోక ఇచ్చి పాలు పిండుకోమన్నరు అన్నది. చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు. ఈ నెలల మొదటిసారి ఎవరన్న నవ్వంగ చూసిన. నా మీదనే అయినా పాణం నిమ్మలమైంది.

రెండు దొరికినయి.

అక్టోబర్ 2, భూపాలపల్లి

నడుము ఇరిగింది. పరకాల దాటినంక పెట్రోల్ అయిపోతె బండి నూకుకుంట వచ్చిన. టెంటు కాడ రాజమౌళి కుర్చీ ఏసి, చాయ్ ఇచ్చి, పెన్‌డ్రైవు ఇచ్చిండు. ఇచ్చేటప్పుడే మొఖం దించుకున్నడు.

అది పాడలేదన్నా, ఖాళీది అనుకున్న అన్నడు.

దాంట్ల ఉన్నది తీసేసి, రోడ్డు మీద చేసిన వంటావార్పు ఫోటోలు ఎక్కిచ్చిండు. మొత్తం నిండిపోయేదాక. కిచిడీ. గంజుల కిచిడీ, గంటెల కిచిడీ, ఇస్తార్ల కిచిడీ. సాయక్క గొంతు ఉన్నకాడ కిచిడీ.

తిడుదామని నోరు తెరిచిన. నెల జీతం లేక, గడ్డం పెరిగి, కండ్లు గుంటలు పడి ఉన్నడు. కిచిడీ మంచిగున్నదిరా అన్న.

అక్టోబర్ 5

సద్దుల బతుకమ్మ. ఆడోళ్లు హైవే మీదనే ఆడిండ్రు, లారీలు ఆగి చూసినయి. పాట ఎత్తుకునే కాడ అందరు ఒక్కసారి ఆగి ఎన్కకు చూసిండ్రు. ఎత్తుకునేది ఎప్పుడు సాయక్కనే.

మూడు పెన్‌డ్రైవులు భీమ్లా చేతుల పెట్టిన. తుడిచేసినయి మళ్ల తెచ్చే సాఫ్ట్‌వేర్ గూడ ఉన్నదట. అది గూడ ఫ్రీనే అట. చూద్దాం అన్నా అన్నడు. డాక్టర్లు గూడ అట్లనే అన్నరు.

అక్టోబర్ 14, భూపాలపల్లి

తెరుసుకున్నది! మూడు ముక్కలు కలిసినయి. భీమ్లా ల్యాప్‌టాప్‌ల గీత అటుదిక్కు నుంచి ఇటుదిక్కుకు నిండుకుంట పోయింది, పాటలన్నీ వరుసగ నిలవడ్డయి. టెంటు కాడ నాలుగు బాక్సులు పెట్టిన. పొద్దంత కరెంటు పోలేదు. మైకు ఒక్కసారి గూడ కుయ్యిమనలేదు. మొదలు నాటు పాట ఏసిన. బొగ్గుబాయి కార్మికులు లేచి నిలవడ్డరు. రాజమౌళి నా చేతులు పట్టుకొని ఏడ్చిండు. ఆఖరు పాటకు ఎవ్వరు కూసోలేదు. మళ్ల ఏయుమన్నరు, మళ్ల ఏసిన.

అక్టోబర్ 16, వరంగల్

దవాఖానకు పోయిన. సాయక్క సగమైంది. గొంతు కాడ గుడ్డ కట్టిండ్రు. మంచం మీద కూసొని నా దిక్కే చూసింది. అంతా చెప్పిన. నాటు పాట, నాలుగు బాక్సులు, రాజమౌళి ఏడ్చుడు. ఒక్కకాడ గూడ తడబడలే. కండ్లు మూసుకొని విన్నది.

అయిపోయినంక చేతులతోని ఏదో చూపింది. గీతాంజలి విడమరిచింది. నాటు పాట నడుమ నాకు దగ్గొచ్చింది, అది గూడ వినొచ్చిందా అని అడుగుతుంది మామా అన్నది.

వినొచ్చిందక్కా అన్న. మస్తు గట్టిగ వినొచ్చింది. దగ్గుకు గూడ చప్పట్లు కొట్టిండ్రు అన్న.

సాయక్క గోడ దిక్కు తిరిగింది. భుజాలు ఊగుతున్నయి. సంతోషం పట్టలేక నవ్వుతుంది అనుకున్న. జరసేపటికి ఇటు తిరిగి, చెయ్యి సాపి, నా చెవు పట్టుకొని మెల్లగ మెలేసింది.

అక్టోబర్ 18

భీమ్లాకు ఫోన్ చేసిన. దగ్గు సంగతి అడిగిన. నాటు పాటల దగ్గు యాడిదన్నా, ఒక్క గుక్కల పాడింది అన్నడు.

పద్నాలుగో తారీకు నాడు రాసిందంతా నేను పుట్టిచ్చింది. మూడో ముక్క రాలేదు. టెంటు కాడ ఏ పాట మోగలేదు. ఆమె ముంగట తడబడొద్దని ముందుగాల్నే రాసి, చదువుకొని పోయిన.

అక్కకు ఎరుకే.