మొత్తం రాస్తేనే సంతకం

2 ఆగస్టు 1990, గురువారం

కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగిందట. పొద్దున హాజరు రాస్తుంటే, బస్సు దిగుతూనే చెప్పాడు మా డ్రైవర్ గౌస్ భాయ్. నమ్మలేదు. పదింటికి ఆఫీసు రేడియో కూడా అదే మాట అంది.

అక్క అక్కడే ఉంది. సాల్మియాలో, ఒక అరబ్బు ఇంట్లో వంట. ఆరేళ్ళుగా.

ఇక్కడ ఒమాన్‌లో, ఖురంలో మా సైట్ మామూలే. మూడో అంతస్తు స్లాబుకు చెక్కలు బిగిస్తున్నారు. టైమ్‌కీపర్‌ని కాబట్టి పేర్లు రాస్తూ పోయాను. ఒకే పేరు రెండుసార్లు రాశాను.

3 ఆగస్టు, శుక్రవారం

ఫోన్ దగ్గర రెండు గంటలు క్యూ. నంబరు కొడితే అటు వైపు చప్పుడే లేదు. ఎంగేజ్ కూడా కాదు... ఏమీ లేదు. వెనకున్న ఈజిప్టు మనిషి "ఖలాస్" అన్నాడు. ఏం ఖలాస్? మళ్ళీ కొట్టాను. మళ్ళీ కొట్టాను.

5 ఆగస్టు, ఆదివారం

తప్పు ఇరాక్‌దే, వెంటనే వెనక్కి పోవాలి — న్యూయార్క్‌లో దేశాల సమితి ఓటుకు చేతులెత్తిందట. మన దేశం మాత్రం గట్టిగా ఏమీ అనలేదు.

రూమ్‌లో అన్నం ముందు పెట్టుకుని గొడవ. రాజన్న, జగిత్యాల మేస్త్రీ: "మనోళ్ళు గట్ల నసుగుతున్రేందే? తప్పును తప్పంటె ఏమైతది?"

గౌస్ భాయ్: "అంతమంది మనోళ్ళు వాళ్ళ చేతుల్లో ఉంటే గట్టిగా ఎట్లంటారబ్బా?"

"గంత మంది ఉన్నరు గాబట్టే అనాలె!"

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇద్దరి మీదా కోపం వచ్చింది. మా కడప జిల్లా ఆడవాళ్ళు ఎంతమంది ఆ ఇళ్ళల్లో పాత్రలు తోముతున్నారో... వాళ్ళ గురించి ఎవరూ చేయెత్తలేదు.

7 ఆగస్టు, మంగళవారం

మధ్యాహ్నం సైట్‌లో అబూ ఖాలిద్ మీద అరిచాను. అందరి ముందు.

కార్పెంటర్ల ఫోర్‌మన్. పాలస్తీనా మనిషి. పెరిగింది కువైట్‌లోనే, ఆ వచ్చీరాని హిందీ కూడా అక్కడిదే. ఇరాక్ దగ్గర ఇక ఎవరూ కొనకూడదు, ఇరాక్‌కు అమ్మకూడదు అని రేడియో చెబుతోంది. అతను రొట్టె తుంచుతూ అన్నాడు — ఆ సరిహద్దు గీసింది ఇంగ్లీషువాడు. చమురు ఎవరు ఎక్కువ తోడారు, ధర ఎవరు పడగొట్టారు, అది రేడియో చెప్పదు. మా ఊళ్ళు పోయినప్పుడు ఈ ఎత్తిన చేతులన్నీ ఎక్కడున్నాయి?

నాకు ఒళ్ళు మండింది. టిఫిన్ మూత విసిరికొట్టాను. "మా అక్క ఆ ఊళ్ళో ఉంది! ఆమె తోడిందా నీ చమురు?"

అతను లేవలేదు. "మా అమ్మ కూడా అక్కడే ఉంది. నేనింకా ముగించలేదు, విను. కారణాలు వంద ఉండనీ. పొరుగింటి తలుపు పగలగొట్టి దూరినవాడు దొంగే. అది కూడా నేనే అంటున్నా."

అప్పటికి నేను లేచి నడుస్తున్నాను. కానీ విన్నాను. చివరి మాట కూడా విన్నాను.

9 ఆగస్టు

అతనితో మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు. హాజరు పట్టీలో పేరు రాయడానికి మాటలెందుకు?

11 ఆగస్టు, శనివారం

మేనేజర్ పిలిచాడు. కూర్చోమన్నాడు — నాలుగేళ్ళలో మొదటిసారి. టీ కూడా. సంతకం పెట్టమని ఒక కాగితం తోశాడు. ఫోర్‌మన్ అబూ ఖాలిద్ దండయాత్రను పొగిడాడు, పనివాళ్ళను రెచ్చగొట్టాడు, మేము విన్నాము అని ఉంది. కింద సాక్షుల పేర్లు. మొదటి పేరు నాది.

"మీ అక్క అక్కడ చిక్కుకుంది కదా. నీ బాధ నాకు తెలుసు. నువ్వు అతని మీద అరిచింది కూడా అందరికీ తెలుసు." ఎంత మెత్తగా అన్నాడో.

అసలు సంగతి కూడా నాకు తెలుసు. పోయిన నెల ఎండకు మనుషులు తూలుతుంటే పన్నెండింటికి అందరినీ పరంజా మీద నుంచి దించింది అబూ ఖాలిద్. మూడు దాకా ఎక్కనివ్వలేదు. మేనేజర్ కింద నిలబడి కేకలు పెడితే, "నువ్వెక్కు, వాళ్ళు నీ వెనకే వస్తారు" అన్నాడు. ఆ రోజు నుంచి మేనేజర్ అవకాశం కోసం చూస్తున్నాడు. ఇప్పుడు ఒక యుద్ధం దొరికింది.

చదివి ఇస్తానన్నాను. తలుపు దాకా వచ్చాక వెనక నుంచి — "నీ బతాకా ఫిబ్రవరి దాకేనా?"

లేబర్ కార్డు తేదీ అతనికి తెలియదా!

12 ఆగస్టు

గౌస్ భాయ్: "పెట్టేయ్ అబ్బా. అక్కడుండేది నీ అక్క. వీడేమన్నా నీ మేనమామనా?"

రాజన్న: "ఆయన దించకుంటే ఆ ఎండల నేను కింద పడి సచ్చెటోన్ని. నేనైతే పెట్ట." మళ్ళీ తనే, "నాకు సంతకమే రాదు. గది వేరే సంగతి."

ముగ్గురం నవ్వాం. పది రోజులకు మొదటి నవ్వు.

కానీ ఒక మాట ఇక్కడ దాచకుండా రాయాలి. ఆ కాగితం చదివినప్పుడు నాకు ఒక క్షణం సంతోషం కలిగింది. ఎవరో ఒకరు అనుభవించాలి అనిపించింది. సైన్యాన్ని నేనేం చేయగలను? ఈ మనిషి అందుబాటులో ఉన్నాడు.

13 ఆగస్టు, సోమవారం

పెట్టలేదు.

"అతను అన్నది ఇది కాదు సార్."

"అరిచావు కదా?"

"అరిచాను. రేపు కూడా అరుస్తాను. సరిహద్దు గురించి అన్నాడు. చమురు గురించి అన్నాడు. దూరినవాడు దొంగ అని కూడా అన్నాడు. మొత్తం రాస్తే పెడతాను. సగం రాస్తే పెట్టను."

"మొత్తం ఎవడికి కావాలి?"

"నాకు కావాలి."

హాజరు పట్టీ వెనక నా ఇంగ్లీషులోనే రాశాను, అతను ఏమన్నాడో, నేనేమన్నానో. స్పెల్లింగులు తప్పు. విషయం తప్పు కాదు. తేదీ వేసి, సంతకం చేసి, టేబుల్ మీద పెట్టి వచ్చాను.

14 ఆగస్టు

హాజరు పుస్తకం తీసేసుకున్నారు. నన్ను ఇనుప ఊచల యార్డులో వేశారు. ఎండలో ఊచ పట్టుకుంటే చేతి తోలు దానికే అంటుకుంటుంది. పట్టుకున్నాను.

16 ఆగస్టు

అబూ ఖాలిద్ యార్డుకు వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు.

"నా కోసం చేశావా?"

"నీ కోసం కాదు. నీ మీద కోపం పోలేదు."

"పోనక్కర్లేదు" అన్నాడు. ఇద్దరం ఊచల మోపు మీద కూర్చున్నాం. కాసేపటికి మళ్ళీ వాదన మొదలైంది. సౌదీలో దిగుతున్న అమెరికా సైన్యం గురించి. రక్షించడానికి వస్తున్నారని నేను, వచ్చినవాడు తిరిగి పోతాడా అని అతను. ఈసారి మూతలు విసరలేదు.

అల్ మవాలేలో మా రూమ్ మీదుగా సీబ్ ఎయిర్‌పోర్టు వైపు పెద్ద సైనిక విమానాలు. రోజురోజుకూ ఎక్కువవుతున్నాయి.

22 ఆగస్టు, బుధవారం

మన విదేశాంగ మంత్రి బాగ్దాద్ వెళ్ళారట, వాళ్ళ అధ్యక్షుణ్ణి నవ్వుతూ పలకరించారట. ఆఫీసులో అందరూ మమ్మల్ని అదోలా చూస్తున్నారు. మీవాళ్ళు దొంగతో చేతులు కలిపారు అని ఈజిప్టు అకౌంటెంట్.

"ఆ చేయి కలిపితే మా అక్క బస్సెక్కుతుందంటే రోజుకు పదిసార్లు కలపనీ" అన్నాను.

అన్నాను కానీ మింగుడు పడలేదు. నేను మాత్రం మొత్తం రాయమని పట్టుబట్టాను. మా దేశం సగం చెప్పి ఊరుకుంటే సమర్థిస్తున్నాను. రాజన్నకు చెబితే, "నీది నౌకరీ, ఆడున్నోళ్ళది పానం" అన్నాడు. అదే జవాబా? తెలియదు.

5 సెప్టెంబరు, బుధవారం

కంపెనీ అర్బాబ్, అసలు యజమాని, స్వయంగా వచ్చాడు. పెద్దాయన, ఒమానీ. చిన్నప్పుడు బొంబాయిలో ఉన్నాడట, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. రెండు కాగితాలూ ఆయన ముందున్నాయి. మేనేజర్‌దీ, నాదీ.

"చదువుకున్నవాడిలా ఉన్నావు. ఈ యుద్ధంలో తప్పెవరిదంటావు?"

మేనేజర్ పక్కనే. "ఇల్లు దూరినవాడిది. దానికి ముందు ఎవరెవరిది ఎంతో నాకు తెలియదు. ఈ కాగితంలో తప్పు మాత్రం టైపు కొట్టించినవాడిది."

ఆయన నవ్వలేదు. కోప్పడలేదు. రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వెళ్ళు."

8 సెప్టెంబరు

అబూ ఖాలిద్‌ను పంపించేయలేదు! సోహార్ సైట్‌కు మార్చారు. నేను యార్డులోనే. మేనేజర్ కుర్చీలోనే. ఇంతే న్యాయం. దీన్ని గెలుపు అనుకుంటాను.

25 సెప్టెంబరు, మంగళవారం

తంతి! అక్క బొంబాయిలో దిగింది. గౌస్ భాయ్ చదివి వినిపించమని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చదివాను. రాజన్న సేమ్యా వండాడు, మాడ్చాడు, తిన్నాం.

18 అక్టోబరు, గురువారం

అక్క ఉత్తరం. సొంత చేతిరాత, వంకర అక్షరాలు.

ఇంటి యజమానులు మూడో రోజే కారులో ఎడారి మీదుగా సౌదీ వెళ్ళిపోయారట. ఆ ఇంటి ముసలి అత్తగారు కదలలేదు. అక్క ఆమె దగ్గర ఉండిపోయింది. నెలాఖరుకు ముసలామె రెండో కొడుకు వచ్చి తల్లిని తీసుకెళ్ళి, అక్క పాస్‌పోర్టు వెతికి ఇచ్చాడు. అప్పుడు బస్సులో బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు, నీళ్ళ లారీ కోసం ఎండలో వరసలు.

ఈ ముక్క అలాగే దింపుకుంటున్నాను:

"ఒక సిపాయి వంటింట్లోకొచ్చినాడు. రెండు దినాలుగా ఏమీ తిన్లేదంట. రొట్టె పెట్టినా. తిన్యాక ఫ్రిజ్జు ఎత్తుకపోతా ఉంటే సిగ్గులేదా అని అరబ్బీలో తిట్టినా. తల వంచుకున్యాడు గానీ ఫ్రిజ్జు దించలా. రొట్టె పెట్టిందీ నేనే, తిట్టిందీ నేనే. రెంట్లో దేనికీ నేను బాధపడను నాయనా."

ఎనిమిది తరగతులు చదివిన నాకంటే మూడు చదివిన అక్క బాగా రాసింది.

30 నవంబరు, శుక్రవారం

ఇరాక్ వెనక్కి పోవడానికి న్యూయార్క్‌లో గడువు పెట్టారు. జనవరి పదిహేను. అబూ ఖాలిద్ సోహార్ నుంచి కంపెనీ బస్సులో వచ్చాడు. వాళ్ళ అమ్మ కదలనంటోందట. "ఒకసారి కదిలిన మనిషి. ఇంక కదలదు."

17 జనవరి 1991, గురువారం

బాంబులు మొదలయ్యాయి. బాగ్దాద్ మీద, కువైట్ మీద. యార్డులో కొందరు చప్పట్లు కొట్టారు. గౌస్ భాయ్ బస్సులోంచి దిగకుండా కూర్చున్నాడు. అక్క అక్కడ లేదు, నాకు భయం తగ్గాలి. తగ్గలేదు. అబూ ఖాలిద్ ముసలి తల్లి అక్కడే ఉంది.

ఫిబ్రవరి

తేదీ చూడలేదు. బతాకా గడువు అయిపోయింది. పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసులోనే ఉంది. కార్డు పొడిగించమని అడిగితే "చూస్తున్నాం." రోజూ అడుగుతున్నాను. రోజూ, అదే టేబుల్ ముందు, అదే గొంతుతో.

1 మార్చి, శుక్రవారం

యుద్ధం అయిపోయింది. కువైట్ వదిలిపోయారు. వీధిలో హారన్లు. సంతోషమే, నాకూ సంతోషమే. దూరినవాడు పోవాల్సిందే.

14 మార్చి, గురువారం

అబూ ఖాలిద్ వచ్చాడు. గడ్డం మాసి ఉంది. అమ్మ బతికే ఉంది. తమ్ముడిని కువైటీలు పట్టుకుపోయారు, ఇరాకీలకు సాయం చేశావని. తమ్ముడు బేకరీలో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళందరికీ రొట్టె అమ్మాడు. అదే నేరమట. సాక్షులు ఉన్నారట.

గ్లాసులో టీ పోసి ఇచ్చాను. "రేపు నాతో కలిసి ఒక ఉత్తరం రాయి, ఇంగ్లీషులో" అన్నాడు. "నా స్పెల్లింగులు తప్పు" అన్నాను. "ఫరవాలేదు."

ఎవరికి రాయాలో ఇద్దరికీ తెలియదు. రాస్తాం.

22 మార్చి, శుక్రవారం

అక్క దగ్గర నుంచి మళ్ళీ ఉత్తరం. రాయచోటిలో ఏజెంటును కలిసిందట. దారులు తెరవగానే కువైట్ పోతుందట. ఆ ముసలామె కబురు పెట్టిందట. ఊళ్ళో అందరూ వద్దంటున్నారు.

వద్దు అక్కా అని నేనూ మొదలుపెట్టాను. అక్కడ ఇంకా చమురు బావులు మండుతున్నాయి, ఎవరిని ఎందుకు పట్టుకుంటున్నారో తెలియదు అని రెండు పేజీలు రాశాను. తర్వాత ఆమె చివరి వాక్యం మళ్ళీ చదివాను.

"తప్పెవురిదో దొరలంతా తేల్చేదాకా నేను పొయ్యి ముట్టించకుండా కూచోవాల్నా? నువ్వు కూడా వద్దంటే మాత్రం జవాబు రాయొద్దు."

రెండు పేజీలూ చించేశాను. కొత్త కాగితం తీశాను. "అక్కా" అని రాశాను.

గంటయింది. ఆ ఒక్క మాటే ఉంది.