తపస్సు మాను ఎక్కొద్దు

నాయనా, నేను తిరుపతిలో బాగున్నాను. దిగులంతా నీ మోకాళ్ల గురించే. ఈ ఏడు మన ఊరి భారతం ఉత్సవంలోనూ అర్జునుడి వేషం కట్టి, శివుడి కోసం తపస్సు చేసే ఘట్టంలో అంత ఎత్తు తపస్సు మాను ఎక్కి, పైనుంచి జనానికి నిమ్మకాయలు విసురుతావట. అమ్మ చెప్పింది. నేను పరిశోధన చేస్తున్న ఐర్లండు నటుడి సంగతి నీకు ఫోనులో ఎందుకు చెప్పినట్టు? నాటకాల్లో కత్తి తిప్పి, సినిమాల్లో గుర్రాలెక్కినవాడు డెబ్బయ్యేళ్లకు కుర్చీ దిగని ముసలిరాజు వేషంతోనే గొప్ప పేరు తెచ్చుకున్నాడు. నువ్వేమో "ఆయప్ప మానెక్కి నిమ్మకాయలు ఇసిరినాడా మే?" అని నవ్వేశావు. అర్జునుణ్ని ఏకాంబరం చిన్నాయనకు ఇచ్చెయ్యి. నువ్వు ధృతరాష్ట్రుడి వేషం కట్టు, కూర్చునే పాడొచ్చు. నొప్పుల నూనె అయిపోయిందా? జవాబు అమ్మతో రాయించు. నువ్వైతే సరేనని రాసి, మాను ఎక్కేస్తావు. నానమ్మకు నా దండాలు.

మహిత