నల్ల తీగ సిగ్నల్‌ది

నవంబరు 9, ఆదివారం

ప్రియమైన అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. ఆపరేషన్ తర్వాత నీ గుండె కుదుటపడిందని, మెట్లు కూడా ఎక్కుతున్నావని బావగారు ఫోన్‌లో చెబితే ప్రాణం లేచొచ్చింది. నేను పంపిన అచ్చు ఉత్తరాలు, పైన చిరునామా కూడా అచ్చులోనే ఉందని, విప్పకుండానే తిప్పి పంపావు. చెల్లెలి దస్తూరీ కనబడితేనే చదువుతానని, అంతవరకూ ఫోన్‌లో కూడా మాట్లాడనని అన్నావట. ఏడాదిగా చేత్తో ఒక్క ముక్క రాయలేదు, కోపం న్యాయమే. ఇదిగో, నా అక్షరాలే. ఇక అలక మాని చదువు. నువ్వు మాట్లాడకపోతే నాకు తిండి సయించడం లేదు.

అక్కా, మా వెనకగదిలో ఒక యంత్రం తయారైంది! కంప్యూటర్ చెప్పినట్టు అటూ ఇటూ, పైకీ కిందికీ కదిలే సీఎన్‌సీ యంత్రం. కొన్నది కాదు, మీ మరిదీ నేనూ కట్టుకున్నది. నేను కుర్చీలో కూర్చుని చదవడం, చెప్పడం, తిట్టడం, ఆయన చేయడం. ఇందులో కొత్తేముంది అంటావు, నాకు తెలుసు.

పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ అది తన మొదలుచోటుకి వెళ్ళి నిలబడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒక గీత మీద ఇంకో గీత ఎక్కుతుంది. అక్కడికి చేరిందని తెలియడానికి మొదట్లో, మీట నొక్కితే టిక్కుమనే స్విచ్చులు పెట్టాం. వాటిలో దుమ్ము చేరి, ఒకరోజు పలికితే రెండ్రోజులు మౌనవ్రతం. అప్పుడు ఇనుమును తాకకుండానే పసిగట్టే సెన్సర్ల గురించి చదివాను. కొనబోతే రెండు రకాలు, సిగ్నల్‌ని మైనస్‌కి కలిపేది ఎన్‌పీఎన్, ప్లస్‌కి కలిపేది పీఎన్‌పీ. ఏదైనా ఒకటేనమ్మా అన్నాడు దుకాణదారు. యంత్రాన్ని నడిపే మా బోర్డు ఎన్‌పీఎన్‌తో తప్ప కాపురం చేయదయ్యా అన్నాను. అందులోనూ తీగ తెగితే యంత్రం ఆగిపోయే రకమే కావాలని పట్టుబట్టాను.

ఇక మీ మరిది ప్రతాపం విను. ఇన్నేళ్ళుగా ఇళ్ళకు వైరింగు చేస్తున్న మనిషి కదా, నాకు సెన్సర్‌తో వచ్చిన కాగితం చూపిస్తావా అన్నారు. సెన్సర్‌కి మూడు తీగలు. గోధుమరంగు ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. ఆయన నలుపు కనబడగానే న్యూట్రల్ అనుకుని మైనస్‌కి కలిపేశారు, నీలాన్ని సిగ్నల్‌కి ఇచ్చారు. సెన్సర్ దీపం వెలగలేదు. చచ్చు సరుకు అంటగట్టాడని దుకాణదారుణ్ణి తిట్టిపోశారు. నల్ల తీగ సిగ్నల్‌ది మొర్రో అని నేను మొత్తుకుంటే, నలుపు కూడా కబుర్లు చెబుతుందా అన్నారు! చివరికి సణుక్కుంటూ మార్చి కలిపారు. దీపం వెలిగింది. ఇనప గరిటె దగ్గరికి తేగానే టక్కున ఆరింది, పసిగట్టిందన్నమాట. ఇంక చూడు, వంటింట్లో ఉన్నవన్నీ తెచ్చి చూపిస్తూ కూర్చున్నాం. కూర మాడిపోయింది.

తీరా యంత్రానికి బిగిస్తే, కదిలే చెయ్యి ఆగకుండా వచ్చి దబ్బున చట్రానికి గుద్దుకుంది! ఆపండి ఆపండి అని అరిచాను. ఆ చెయ్యి అల్యూమినియంది, దాన్ని సెన్సర్ మరీ దగ్గరికొస్తే తప్ప గుర్తుపట్టదట. ఈసారి కాగితం చదివి చెప్పింది మీ మరిదే. యంత్రం చేతికి ఒక ఇనప బోల్టు బిగించారు. అంతే అక్కా! ఎన్నిసార్లు పంపినా అదే చోట, అదే గీత మీద ఆగింది. నేను వేసిన కేకకి పక్కింటివాళ్ళు ఏమైందో అని పరుగెత్తుకొచ్చారు.

బావగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క. అక్కా, కూర్చుని చదువు. నీ ఆపరేషన్ అయిన నెలకే నాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. నీ గుండె తట్టుకోదని ఎవరమూ చెప్పలేదు. బావగారికి తెలుసు, ఆయన్ని తిట్టకు. ఇప్పుడు చెప్పవచ్చని మీ డాక్టరే అన్నాడట. ఈ ఉత్తరం ఆ యంత్రమే కలం పట్టుకుని రాసింది. నేను బడిలో పాఠాలు రాసుకున్న పాత పుస్తకాల్లోంచి గుణింతాలు, ఒత్తులు ఒక్కొక్కటే ఏరి దానికి నేర్పాం. పైన ఆ కొంకర్లు తిరిగిన సంతకం మాత్రం నాది, ఎడమచేత్తో పెట్టాను. నీకు నిజంగా చేతిరాతే కావాలంటే, ప్రస్తుతానికి నా దగ్గరున్నది ఆ రెండు ముక్కలే. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఫోన్ ఎత్తవే.