మా గుమ్మానికి వచ్చిన నోటీసుల అట్ట

ఇసోహమ, జపాన్
జనవరి 19

లిగాయ అక్కకు, నేను బాగానే ఉన్నాను.

"ఆ మంచులో నువ్వు పడిపోతే చూసేదెవర్రా, వచ్చెయ్" అని రాశావు. దానికే ఈ జవాబు. ఈ వీధిలో నోటీసులను ఒక అట్టకు పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. నాకు జపనీస్ చదవడం రాదనుకుని మూడేళ్ళుగా మా ఇల్లు దాటించేస్తూ వచ్చారు. మొన్న ఆదివారం పక్కింటి కినుయే మామ్మగారు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నిన్ను దాటి అవతలింటికి పోవాలంటే ఈ మంచులో నా మోకాళ్ళు పడిపోతున్నాయి. ఇకనుంచి నువ్వే అందించు, మేస్టారూ."

"బుధవారం పొద్దున ఆరింటికి రేవు దారిలో మంచు ఎత్తాలి" అని పైకి చదివాను.

"ఓరి నీ! చదవడం వచ్చని చెప్పవేం?"

"మీరు అడగలేదు."

"అడగలేదట! అయితే పార పట్టుకుని రా."

వెళ్ళాను. మర్నాడు జలుబు చేసి బడికి వెళ్ళకపోతే, తొమ్మిది కాకముందే మూడిళ్ళవాళ్ళు తలుపు కొట్టారు. మామ్మగారైతే చేపల పులుసు తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

అమ్మ కంటి ఆపరేషన్ ఏ రోజు? తుఫానుకు లేచిన వంటింటి రేకులు మళ్ళీ బిగించారా? ఎండు మామిడి బద్దలు రెండు పొట్లాలు పంపు, ఒకటి మామ్మగారికి. మన ఊరు ఇలోయిలోలో నాకు ఉద్యోగం చూడొద్దు. ఇంకో ఏడాది ఉంటానని నిన్న బడిలో సంతకం పెట్టేశాను.

అమ్మ చేతిని నా బదులు నీ నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకో.

నీ తమ్ముడు
రోదెల్